దూకినవాడు, సామాను దగ్గర నిలిచినవాడు

పాఠ్యభాగములు: యెహోషువ 4:1–9, 20–24, 1 సమూయేలు 30:9–10, 21–25, లూకా 10:30–37



ఈ దేశంలో మే నెల చివరి సోమవారం మెమోరియల్ డే. యుద్ధంలో ప్రాణం పెట్టినవారిని ఆ రోజు తలచుకుంటారు. నవంబరు 11 వెటరన్స్ డే. అది సైన్యంలో సేవ చేసిన వారందరి రోజు. ఆ రోజుల్లో మన పిల్లలు బడి నుండి ఒక కాగితం తెస్తుంటారు. మీ కుటుంబంలో సైనికులు ఎవరైనా ఉంటే ఒక ఫోటో, నాలుగు మాటలు రాసి పంపండి అని అందులో ఉంటుంది. మనలో చాలామందిమి "మనవాళ్లలో ఎవరున్నార్రా?" అని ఆ కాగితాన్ని పక్కన పెట్టేస్తాం.

నిజంగా లేరా? తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం ఈనాటికీ "మిలిటరీ మాధవరం" అనే పిలుస్తారు. ఇంటింటా సైనికుడున్న ఊరని దానికి పేరు. మన సంఘ కుటుంబాల్లో కూడా వెదికితే ఎక్కడో ఒక పెట్టె అడుగున యూనిఫాంలో నిలబడ్డ తాత ఫోటో దొరుకుతుంది. ఫోటో ఉంటుంది, కథ ఉండదు. లేదా కథ ఉంటుంది, అది చెప్పినవారి నోట కాస్త పెరిగి ఉంటుంది. మన పిల్లలకు ఏమి అప్పగించాలి? ఈ పాఠంలో మూడు సంగతులు ధ్యానిద్దాం: ఎందుకు జ్ఞాపకం చేసుకోవాలి, ఎవరిని జ్ఞాపకం చేసుకోవాలి, ఎలా జ్ఞాపకం చేసుకోవాలి.

1. ఎందుకు? పిల్లలు అడుగుతారు గనుక

యొర్దాను నది దాటిన తరువాత దేవుడు యెహోషువకు ఒక పని చెప్పాడు. గోత్రానికొకడు చొప్పున పన్నెండుమంది, యాజకుల పాదాలు నిలిచిన చోటనుండి పన్నెండు రాళ్లు ఎత్తుకొని రావాలి. వాటిని గిల్గాలులో నిలబెట్టారు. ఎందుకు? రేపు పిల్లలు "ఈ రాళ్లెందుకు?" అని అడుగుతారు కాబట్టి. దేవుడు ఆ ప్రశ్నను ముందే చూశాడు. జవాబు తండ్రుల దగ్గర సిద్ధంగా ఉండాలని కోరాడు.

ఆ జవాబు ఏమిటో గమనించండి (4:22–24). "మేము ఎంత ధైర్యంగా నది దాటామో చూడండి" అని వారు చెప్పకూడదు. యెహోవా నీళ్లను ఆరిపోజేశాడు, మేము ఆరిన నేల మీద నడిచాము అని చెప్పాలి. రాళ్లు మోసింది మనుష్యులే, వారి భుజాలు నొప్పి పెట్టే ఉంటాయి. అయినా కథకు నాయకుడు దేవుడు.

బైబిలులో జ్ఞాపకం అనేది తలంపు దగ్గర ఆగిపోదు. దేవుడు నోవహును జ్ఞాపకం చేసుకున్నాడు అని చదివిన వెంటనే ఆయన గాలి విసరజేసినట్లు చదువుతాం (ఆదికాండము 8:1). ప్రభువు తన్ను జ్ఞాపకం చేసుకోమన్నప్పుడు కూడా చేతిలో రొట్టె పెట్టి "చేయుడి" అన్నాడు (లూకా 22:19). వాక్యం చూపే జ్ఞాపకం లేచి పని చేస్తుంది.

అలాంటి జ్ఞాపకం ఒకటి మన ట్రాయ్‌లోనే రాయిగా నిలిచి ఉంది. లాంగ్ లేక్ రోడ్డు మీద వైట్ చాపెల్ స్మశానవాటికలో ఒక తెల్లని పాలరాతి ధ్రువపు ఎలుగుబంటి, ఒక సిలువకూ ఒక సైనికుని శిరస్త్రాణానికీ కావలిగా నిలబడి ఉంటుంది. 1918లో ఎక్కువమంది మిషిగన్ కుర్రాళ్లే ఉన్న 339వ పదాతి రెజిమెంటును ఉత్తర రష్యాలోని ఆర్ఖంగెల్స్క్ ప్రాంతానికి పంపారు. ఆ సంవత్సరం నవంబరు 11న మొదటి ప్రపంచయుద్ధం ఆగింది. లోకమంతా పండుగ చేసుకుంది గాని, వీరు మాత్రం ఆ చలికాలమంతా మంచులో పోరాడుతూనే ఉన్నారు. 1919 వేసవి వరకు ఇల్లు చేరలేదు. చనిపోయినవారిలో కొందరు అక్కడే మట్టిలో ఉండిపోయారు.

పదేళ్లు గడిచాక, 1929లో, వారితో కలిసి పోరాడిన కొందరు మళ్లీ ఆ దేశానికి వెళ్లారు. సమాధులు వెదికారు, తవ్వారు, తమవారి శరీరాలను వెనక్కి తెచ్చుకున్నారు. వారిలో 56 మందిని ఇక్కడ పాతిపెట్టి, 1930 మే 30న ఈ స్మారకాన్ని ప్రతిష్ఠించారు. "మరచిపోలేదు" అనే మాటకు వారు చెప్పిన అర్థం ఇది: తిరిగి వెళ్లారు, వెదికారు, తెచ్చారు. ఈసారి ఆ దారిన వెళ్లినప్పుడు పిల్లలను కారు దించి చూపించండి. "ఈ ఎలుగుబంటి ఎందుకు?" అని వారు తప్పక అడుగుతారు.

2. ఎవరిని? ఆకాశం నుండి దూకి గాయాలు కట్టినవారిని

మన దేశపు సైనికుల సంగతికి వద్దాం. 1950లో కొరియాలో యుద్ధం మొదలైంది. భారతదేశం పోరాడే దళాలను పంపలేదు, ఒక వైద్య దళాన్ని పంపింది. దాని పేరు 60 పారా ఫీల్డ్ అంబులెన్స్. ఫీల్డ్ అంబులెన్స్ అంటే సైరన్ మోగించే బండి అనుకోకండి. యుద్ధభూమికి దగ్గరగా ఉండి క్షతగాత్రులను మోసుకొచ్చి, కట్లు కట్టి, శస్త్రచికిత్స చేసే సైనిక వైద్య దళం అది. పారా అంటే అవసరమైతే విమానం నుండి పారాచూట్‌తో దూకి పని మొదలుపెట్టగలవారు. మూడువందల మందికి పైగా ఉన్న ఈ దళం 1950 నవంబరులో పూసాన్ రేవులో దిగింది. దానికి అధిపతి లెఫ్టినెంట్ కల్నల్ ఏ. జి. రంగరాజ్. 1941లో పారాచూట్‌తో దూకిన మొట్టమొదటి భారతీయులు ఇద్దరిలో ఈ వైద్యుడు ఒకరు. రెండవవారు హవల్దార్ మథురా సింగ్.

వెళ్లిన కొద్ది రోజులకే పరీక్ష ఎదురైంది. చైనా సేనలు ముందుకు తోసుకురావడంతో ప్యాంగ్యాంగ్ నుండి అందరూ వెనక్కి తగ్గుతున్నారు. వీరికి తగిన వాహనాలు లేవు. మందులు, శస్త్రచికిత్స సామాను వదిలేసి ప్రాణాలు దక్కించుకోవచ్చు. కాని సామాను లేకపోతే రేపు గాయపడినవారికి దిక్కెవరు? అక్కడ వదిలేసిన ఒక పాత ఆవిరి రైలింజను వారి కంటబడింది. బకెట్లతో నీళ్లు అందించుకొని బాయిలరు నింపారు, కట్టెలు వేసి రాజేశారు, ఇంజను తెలిసినవారు నడిపారు. సామానుతో సహా దక్షిణానికి చేరారు. ఈ "సామాను" అనే మాటను గుర్తుపెట్టుకోండి, దావీదు దగ్గర మళ్లీ వినబడుతుంది.

ఆ తరువాత దళం రెండు పాయలైంది. ఒక భాగం రంగరాజ్ వెంట కామన్వెల్త్ బ్రిగేడుతో యుద్ధరంగంలో ఉంది. మరొక భాగం మేజర్ ఎన్. బి. బెనర్జీ కింద టేగు నగరంలో ఉండి, అక్కడి ఆస్పత్రుల్లో గాయపడ్డ కొరియా సైనికులకూ రోగులైన పౌరులకూ సేవ చేసింది.

1951 మార్చి 23న సియోల్‌కు ఉత్తరాన మున్సాన్ దగ్గర అమెరికా 187వ ఎయిర్‌బోర్న్ దళం పారాచూట్లతో దిగింది. మూడు వేలకు పైగా సైనికులు దూకారు. వారితోపాటు రంగరాజ్, ఆయన వైద్య బృందంలోని కొద్దిమంది కూడా దూకారు. ఆ రోజు గుడ్ ఫ్రైడే. చేతులకు మేకులు దిగిన ప్రభువును సంఘాలన్నీ తలచుకుంటున్న రోజున, గాయాలు కట్టే చేతులు కొన్ని ఆకాశం నుండి దిగాయి. దీన్ని పెద్ద సూచనగా చేసి చెప్పను గాని, మన పిల్లలకు చెప్పదగిన సంగతి.

దూకడం ఎలా ఉంటుందో కూడా పిల్లలకు చెప్పండి, ఆసక్తిగా వింటారు. విమానం లోపల పొడవునా ఒక ఉక్కు తీగ ఉంటుంది. ప్రతివాడూ తన వీపున ఉన్న పారాచూట్ పట్టీకున్న కొక్కేన్ని ఆ తీగకు తగిలిస్తాడు. దూకగానే ఆ పట్టీ బిగిసి పారాచూట్‌ను బయటికి లాగుతుంది. అలా దూకేవాడు దాన్ని తన చేత్తో తెరవడు. దాన్ని మడతపెట్టినవాడు నేలమీదే ఉండిపోయాడు. దూకేవాడి ప్రాణం ఆ మడతల్లో ఉంటుంది.

1953 జూలై 27న కాల్పులు ఆగేదాకా, ఆ తరువాత కొంతకాలం కూడా ఈ దళం అక్కడే ఉంది. చికిత్స పొందినవారి లెక్క సుమారు 2 లక్షలని చెబుతారు. రంగరాజ్‌కు, బెనర్జీకి మహావీర చక్ర లభించింది. 1955లో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ఈ యూనిట్‌కు ప్రత్యేకంగా ట్రోఫీ ఇచ్చి గౌరవించారు. రంగరాజ్ తరువాతి కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరపున ఆఫ్ఘనిస్తాన్‌లో, బంగ్లాదేశ్‌లో మశూచి నిర్మూలనకు పనిచేశారు. యూనిఫాం విప్పినా గాయం కట్టే పని ఆయన విడిచిపెట్టలేదు.

3. ఎలా? ఉన్నది ఉన్నట్టు

ఇక్కడ మా ఇంటి మాట ఒకటి చెప్పాలి. మా అమ్మమ్మ తమ్ముడు ఈ దళంలో అంబులెన్స్ సిపాయి. ఆయనను ఇంట్లో అందరూ "కొరియా తాత" అనేవారు. ఆయన నిద్రించాక జరిగిన ప్రతి జ్ఞాపకార్థ కూడికలోనూ ఎవరో ఒకరు లేచి, "మా వాడు శత్రువుల నడుమకు విమానంలోంచి దూకాడు" అని సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ.

కిందటేడు ఇండియా నుండి వచ్చినప్పుడు మా అమ్మ తన సూట్‌కేసులో ఆయన డిశ్చార్జ్ పుస్తకం, అక్కకు రాసిన ఉత్తరాలు కొన్ని తెచ్చింది. పుస్తకం ప్రకారం ఆయన పారాట్రూపరే. ఆగ్రాలో తర్ఫీదు పొంది, దూకి, రెక్కల బ్యాడ్జి సంపాదించాడు. కాని 1951 ఈస్టరు దాటాక రాసిన ఉత్తరంలో వేరే సంగతి ఉంది. తాను టేగు ఆస్పత్రిలో ఉన్నానని, మావాళ్లు కొందరు దూకారని ఇక్కడ చెప్పుకుంటున్నారని, వార్డులో డ్యూటీ పడటం వల్ల ఈస్టరు ఆరాధనకు వెళ్లలేకపోయానని రాశాడు. అంటే కొరియాలో ఆయన దూకలేదు.

ఫోనులో ఈ మాట చెబితే బంధువుల్లో కొందరికి మనసు కష్టమైంది. "పోయినవాడి గురించి ఇప్పుడు ఈ లెక్కలెందుకు? దూకాడనే ఉండనీయండి" అన్నారు. వారి బాధ నాకు అర్థమైంది. దూకలేదంటే ఆయన చిన్నవాడైపోతాడని వారి భయం. ఆ భయానికి జవాబు 1 సమూయేలు 30లో ఉంది.

అమాలేకీయులు సిక్లగును కాల్చి, భార్యాపిల్లలను చెరపట్టుకుపోయారు. దావీదు ఆరువందల మందితో తరిమాడు. బెసోరు వాగు దగ్గరికి వచ్చేసరికి రెండువందల మంది అలసిపోయి దాటలేకపోయారు. వారు సామాను దగ్గర ఆగిపోయారు. నాలుగువందల మంది వెళ్లి గెలిచి, అంతా విడిపించుకొని వచ్చారు. అప్పుడు వారిలో దుర్మార్గులు కొందరు, మాతో రానివారికి దోపుడు సొమ్ము ఇవ్వం, భార్యాపిల్లలను తీసుకొని పొమ్మనండి అన్నారు. దావీదు ఒప్పుకోలేదు. ఇది మన బలంతో గెలిచింది కాదు, యెహోవా ఇచ్చింది అన్నాడు. యుద్ధానికి వెళ్లినవానికీ సామాను దగ్గర నిలిచినవానికీ సమానంగా పాలు అని తీర్పు చెప్పాడు. అది ఇశ్రాయేలులో కట్టడగా నిలిచిపోయింది.

మూడు సంగతులు గమనించండి.

మొదటిది, దావీదు ఆ రెండువందల మంది గురించి అబద్ధం చెప్పలేదు. "వీరు కూడా వాగు దాటారు" అనలేదు. వారు దాటలేదు, నిలిచిపోయారు, అది అందరికీ తెలుసు. ఉన్న నిజం మీదనే సమాన గౌరవం నిలబెట్టాడు. మనమేమో దానికి తలకిందులుగా చేస్తాం. సామాను దగ్గర నిలిచినవాడికి విలువ లేదని లోపల అనుకుంటాం కాబట్టే, అతడు కూడా దూకాడని చెప్పుకుంటాం. మనం గొప్పచేసే ప్రతిసారీ ఆ దుర్మార్గుల మాటకే తల ఊపుతున్నామన్నమాట.

రెండవది, సమాన పాలుకు కారణం దేవుని కృప. గెలుపు మనదైతే ఎవడెంత చేశాడో లెక్క కట్టాలి. గెలుపు దేవుడిచ్చిందైతే లెక్క వేరు. సువార్త వాసన ఇక్కడే తగులుతుంది. సిలువ దగ్గర మనమెవ్వరమూ పోరాడలేదు, అయినా పాలు పొందాము.

మూడవది, నిజం దేవుని ఆజ్ఞ. పొరుగువాని మీద అబద్ధసాక్ష్యం పలుకకూడదన్న ఆజ్ఞ (నిర్గమకాండము 20:16) మేలు కోరి చెప్పే అతిశయోక్తికి మినహాయింపు ఇవ్వదు. పిల్లలు రేపు పెద్దవారై వివరాలు వెదుకుతారు. తాత సంగతిలో మన మాట తేలిపోతే, యేసు సంగతిలో మన సాక్ష్యాన్ని ఎలా నమ్ముతారు?

ఇప్పుడు లూకా 10 తెరవండి. మంచి సమరయుడు గాయపడినవాని దగ్గరకు వచ్చి, నూనెయు ద్రాక్షారసమును పోసి, గాయాలు కట్టి, తన వాహనం మీద ఎక్కించాడు. అందరం అతణ్ణి తలచుకుంటాం, తగినదే. కాని మరుసటి రోజు అతడు వెళ్లిపోయాడు. ఆ తరువాత కట్లు మార్చినవాడు ఎవరు? రాత్రి మేల్కొని నీళ్లు పట్టినవాడు ఎవరు? రెండు దేనారములు పుచ్చుకొని బాధ్యత తీసుకున్న ఆ పూటకూళ్లవాడు. అతని పేరు లేదు, ఒక్క మాట కూడా పలకలేదు. అయినా అతడు లేకపోతే ఆ మనిషి బ్రతకడు. మున్సాన్‌లో దూకినవారు సమరయుని పని చేశారు. టేగు వార్డులో ఉన్నవారు పూటకూళ్లవాని పని చేశారు. ప్రభువు కథలో ఇద్దరికీ చోటుంది.

ఈ సంవత్సరం మా ఇంటి కూడికలో సాక్ష్యం మారింది. కొరియా తాత పారాట్రూపరు, దూకడానికి సిద్ధపడినవాడు, దూకమనే పిలుపు రాకపోతే ఈస్టరు రోజున కూడా క్షతగాత్రుల మంచాల పక్కన నిలిచినవాడు అని చదివాం. ఎవరికీ ఆయన చిన్నవాడిగా కనిపించలేదు.

ఆచరణ కొరకు

ద్వితీయోపదేశకాండము 32:7లో మోషే ప్రజలకు, తండ్రిని అడుగు, పెద్దలను అడుగు అని చెబుతాడు. అడగాల్సింది మనమే. మన తల్లిదండ్రులు ఆరు నెలల వీసాపై వచ్చి మన ఇళ్లలో ఉంటారు. మనం ఆఫీసు మీటింగుల్లో ఉంటాం, పిల్లలు ఫోనుల్లో ఉంటారు, వారు కిటికీ దగ్గర కూర్చుంటారు. ఒక శనివారం సాయంత్రం టీ పెట్టి, ఫోను రికార్డింగులో ఉంచి, "ఆ ఫోటోలో తాత ఎవరు? ఏ సంవత్సరం? ఏ యూనిట్? ఎవరు చెబితే మీకు తెలిసింది?" అని అడగండి. ఆ చివరి ప్రశ్న ముఖ్యం. కళ్లారా చూసినదీ, చెబితే విన్నదీ వేరుగా రాయండి.

కాగితాలు వెదకండి. డిశ్చార్జ్ పుస్తకంలో యూనిట్, తేదీలు ఉంటాయి. పతకం ఉంటే దాని అంచున సైనికుని నంబరు, పేరు చెక్కి ఉండవచ్చు, భూతద్దంతో చూడండి. పెన్షను కాగితాలు చూడండి. ఊళ్లో ఉన్న బంధువులను జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగమనండి. ఆర్మీ మెడికల్ కోర్ వారి రికార్డుల కార్యాలయం లక్నోలో ఉంది. అన్నిటికీ ఫోటో తీసి, ఒకటికి రెండుచోట్ల దాచండి.

యుద్ధాన్ని మాత్రం పొగడకండి. సమాధానకర్త అయిన ప్రభువును వెంబడించేవారం మనం. మన తాతల సేవ మనల్ని రక్షించదు, రక్షించేవాడు ఒక్కడే. వారు రాత్రిపూట ఉలిక్కిపడి లేచేవారని ఇంట్లో చెబితే, అది కూడా రాయండి. యుద్ధం మనిషిని ఏమి చేస్తుందో పిల్లలకు తెలియాలి.

మరొక మాట. ట్రాయ్ చుట్టుపక్కల కొరియా సహోదరుల సంఘాలున్నాయి. వారి తాతల తరం ఆ యుద్ధంలో ఇళ్లు విడిచి పారిపోయిన తరం. మన దేశపు వైద్యులు, సిపాయిలు వారి గాయాలు కట్టారని వారిలో ఎందరికి తెలుసు? మనకే తెలియనప్పుడు వారికి ఎవరు చెబుతారు? ఒక ఆదివారం కలిసి భోజనం చేసి, ఒకరి కథ ఒకరు విని ప్రార్థించుకుంటే, అది కూడా గిల్గాలులో ఒక రాయి పెట్టినట్టే.

చర్చించడానికి ప్రశ్నలు

1. యెహోషువ 4లో పిల్లలకు చెప్పాల్సిన జవాబులో దేవుని పని ఎంత, మనుష్యుల పని ఎంత? మన కుటుంబ కథల్లో ఆ పాళ్లు ఎలా ఉన్నాయి?

2. దావీదు మనుష్యుల్లో కొందరు సమాన పాలుకు ఎందుకు ఒప్పుకోలేదు? మన సంఘంలో "సామాను దగ్గర నిలిచినవారు" ఎవరు? వంటగదిలో, నర్సరీ గదిలో, సౌండ్ బోర్డు వెనుక ఉన్నవారిని తలచుకోండి.

3. ప్రియమైనవారి గురించి గొప్ప చేసి చెప్పడం ప్రేమా, అబద్ధమా? మీ ఇంట్లో సరిచూడాల్సిన కథ ఏదైనా ఉందా?

4. లూకా 10లో పూటకూళ్లవాని స్థానంలో నిన్ను ఉంచుకో. ఈ వారం ఎవరి కట్టు నీవు మార్చాలి?

5. ఈ నెలలో ఏ పెద్దవారిని కూర్చోబెట్టి అడుగుతావు? పేరు, తేదీ రాసుకో.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, మాకు ముందు నడిచినవారి కొరకు నీకు స్తోత్రములు. దూకినవారిని, దూకడానికి సిద్ధపడి నిలిచిపోయినవారిని, వారి కోసం ఇంటి దగ్గర మోకరించిన తల్లులను, అక్కలను నీవు ఎరుగుదువు. వారి సంగతులు మా పిల్లలకు నిజముగా చెప్పే నాలుక మాకిమ్ము. వారు అడిగినప్పుడు మా దగ్గర జవాబు ఉండునట్లు, మా పెద్దలు ఉండగానే అడిగే మనస్సు మాకు దయచేయుము. గాయపడినవారి పక్కన నిలిచే కృప మాకనుగ్రహించుమని, మా గాయములు కట్టిన యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.